ఫోటో కింద పేరు

మా నాయన చనిపోయిన రోజు మాకు ఏడవటానికి తీరుబాటు లేకపోయింది. ఫోటో వెతకటంతోనే పొద్దు గడిచింది. 2022, వానాకాలం. పేట మొగదల్లో ఫ్లెక్సీ కట్టాలి. జ్ఞాపకార్థ కూడికకు కార్డు వేయించాలి. దేనికైనా ముందు ముఖం కావాలి గదా. ముప్ఫై రెండేళ్లు ఈ ఊరి సైడుకాలవల్లో దిగి లేచిన మనిషికి మా ఇంట్లో సరైన ఫోటో ఒక్కటి లేదు. గోడ మీద ఎప్పుడూ రెండే పటాలు. ఒకటి ఏసుప్రభువుది, ఒకటి అంబేద్కర్‌ది. నా పెళ్లి ఆల్బంలో నాయన ఉన్నాడు గానీ ప్రతి ఫోటోలోనూ ఎవరో ఒకరి భుజం వెనకాల, సగం ముఖంతో. మా తమ్ముడి సెల్లులో ఉన్నవాటిలో చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కెమెరా ఎత్తితే నాయన పక్కకు జరిగేవాడు. ఎందుకు జరిగేవాడో ఆ రోజు దాకా నేను ఆలోచించలేదు.

చివరికి మున్సిపాలిటీ గుర్తింపు కార్డు మీది బొమ్మ పట్టుకుని స్టూడియోకి పోయాం. కంప్యూటరు ముందు కూచున్న కుర్రాడు ముఖం వరకూ కత్తిరించి, "కోటు వెయ్యమంటారా, తెల్లచొక్కా వెయ్యమంటారా సార్?" అనడిగాడు. మీ పేట వాళ్లంతా కోటే వేయించుకుంటున్నారు అని కూడా చెప్పాడు. వేయమన్నాం. అంబేద్కర్ కోటు మా గోడల మీద ఉంది గాబట్టి మా చచ్చిపోయినవాళ్లు కూడా కోటే అడుగుతారు, అందులో నవ్వాల్సిందేం లేదు. కానీ సాయంత్రం ఫ్లెక్సీ కట్టాక మా అమ్మ దాని ముందు నిలబడి చాలాసేపు చూసి, "ఎవుర్రా ఈయన?" అంది.

మూడో రోజు నాయన ఇనప్పెట్టె తీశాం. రేషన్ కార్డు మడతలో ఒక పేపరు ముక్క ఉంది. పసుపుపచ్చగా మారి, మడతల దగ్గర చిరిగింది. 2000వ సంవత్సరం నాటిది. మ్యాన్‌హోల్‌లో రొమ్ముల దాకా దిగి, పైకి చూస్తున్న మనిషి. కింద ఒక వాక్యం, పూడిక తీస్తున్న కార్మికుడు అని. ఆ ముక్కను నేను ఇరవై రెండేళ్ల తర్వాత చూస్తున్నాను. మొదటిసారి చూసిన రోజు మాత్రం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

అప్పుడు నేను ఏడో తరగతి. పేపరు క్లాసులోకి వచ్చింది. ఎవరు తెచ్చారో తెలీదు. బెంచీ బెంచీ తిరిగి నా దగ్గరకొచ్చింది. "మీ నాయనే గదరా?" అన్నారు. నేను బొమ్మ వైపు చూసి "కాదు" అన్నాను. "మా నాయన మున్సిపాలిటీ ఆఫీసులో పని చేస్తాడు" అన్నాను. అబద్ధం గాదు గదా అని నాకు నేను చెప్పుకున్నాను కూడా. ఆ సాయంత్రం ఇంటికి పోతే నాయన అదే పేపరు ముందేసుకుని, పేటలో నలుగురికీ చూపిస్తున్నాడు. చదువు రాదు. తన ముఖం పేపర్లో పడిందన్నదే ఆయనకు తెలిసింది. "పెద్దోడా, ఏం రాశారో చదువు" అన్నాడు. నేను పేపరు లాక్కుని మూలకు విసిరేసి, "ఎవుడు తియ్యమన్నాడు నిన్ను ఫోటో?" అన్నాను. నాయన ఏమీ అనలేదు. దాన్ని తీసి దాచుకున్నాడని నాకు తెలీదు.

నేను బి.ఎడ్. చదివేటప్పుడు ఎస్సీ హాస్టల్లో మా సీనియర్ ఒకాయన మంచం పక్కన గోడకు ఒక జిరాక్స్ బొమ్మ అంటించి ఉండేది. జిరాక్స్ మీద జిరాక్స్ తీసి నల్లగా మాడిన బొమ్మ. రోడ్డు పక్కన గోడ కట్టినట్టు వరసగా నిలబడ్డ నల్లజాతి మగవాళ్లు. అందరి చేతుల్లో ఒకే అట్ట. ఐ యామ్ ఎ మ్యాన్. యామ్ కింద గీత. వాళ్లు ఏ ఉద్యమం వాళ్లో, ఎందుకు నిలబడ్డారో నాకు తెలీదు. ఆయన్నడిగితే, "చెత్త ఎత్తేవాళ్లు, మనోళ్లే" అన్నాడు. నేను ఆ మాటకు ఉలిక్కిపడ్డాను. చెత్త ఎత్తేవాళ్లకు గోడ మీద ఉండేంత చరిత్ర ఉంటుందని నాకు ఏ పాఠంలోనూ ఎవరూ చెప్పలేదు.

మెంఫిస్ అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న పత్తి వ్యాపారపు ఊరు. అక్కడ చెత్త ఎత్తే పని నల్లవాళ్లది, పైన నిలబడి చేయించే పని తెల్లవాళ్లది. ఇళ్ల వెనక నుంచి చెత్తను తొట్లకెత్తి, భుజాన, నెత్తిన మోసుకొచ్చి బండిలో పోయాలి. తొట్ల అడుగున చిల్లులు. మురుగు నెత్తి మీద నుంచి ఒళ్లంతా కారేది. వాన పడితే నల్లవాళ్లను పని లేదని ఇంటికి పంపేవాళ్లు, కూలి ఉండదు. తెల్ల మేస్త్రీల జీతం మాత్రం వానలో తడిసేది కాదు. 1968 ఫిబ్రవరి 1న వాన కురుస్తుంటే ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు కార్మికులు తలదాచుకోవటానికి చెత్తబండి వెనక తొట్టిలోకి దూరారు. చెత్తను నొక్కే యంత్రం ఉన్నట్టుండి కదిలింది. చెత్తతో పాటు వాళ్లనూ నొక్కేసింది. ఊరు వాళ్ల కుటుంబాలకు ఇచ్చింది మట్టి ఖర్చులకు 500 డాలర్లు, ఒక నెల జీతం.

ఇది చదివినప్పుడు నాకు మా పేటలో మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక పోయిన మనిషి గుర్తొచ్చాడు. ఆయన పేరు ఇక్కడ రాయను, ఆయన పిల్లలు ఇప్పుడు వేరే ఊళ్లో వేరే పనులు చేసుకుంటున్నారు.

ఫిబ్రవరి 12న దాదాపు 1,300 మంది పనిలోకి పోలేదు. సమ్మె చట్టవిరుద్ధమన్నాడు మేయరు. అసలు గొడవ జీతం ఒక్కటే కాదు. యూనియన్‌ను గుర్తించాలి, అంటే వీళ్లతో కూచుని మాట్లాడాలి. తెల్లవాళ్లు అరవై ఏళ్ల నల్లవాణ్ణి కూడా "బాయ్" అని పిలిచే కాలం అది. మా నాయనను షావుకారు కొడుకు, నా ఈడువాడు, "ఒరేయ్, ఇక్కడ సరిగ్గా ఎత్తలేదు" అనేవాడు. నాయన "అట్టాగే అయ్యా" అనేవాడు. కాబట్టి ఆ అట్ట మీద యామ్ కింద గీత ఎందుకు గీశారో నాకు ఇంగ్లీషు మాస్టారు చెప్పనక్కర్లేదు.

ఆ బొమ్మ 1968 మార్చి 28న తీసింది. క్లేబోర్న్ టెంపుల్ అనే చర్చి బయట, ఊరేగింపు బయల్దేరే ముందు. మార్టిన్ లూథర్ కింగ్ ఆ రోజు ముందు నడిచాడు. బయల్దేరిన కాసేపటికే అద్దాలు పగిలాయి, పోలీసులు విరుచుకుపడ్డారు. లారీ పేన్ అనే పదహారేళ్ల కుర్రవాణ్ణి పోలీసు కాల్చి చంపాడు. మర్నాడు మళ్లీ అవే అట్టలు పట్టుకుని బయల్దేరారు. ఆ నాటి ఫోటో ఇంకొకటి ఉంది. ఒక పక్క బాయ్‌నెట్లు బిగించిన తుపాకులతో సైనికులు, ఇంకో పక్క యుద్ధానికి వాడే బండ్లు, మధ్యలో ఒకరి వెనక ఒకరు చెత్త ఎత్తేవాళ్లు. ఏప్రిల్ 4న కింగ్‌ను అదే ఊళ్లో లొరైన్ మోటెల్ బాల్కనీలో చంపారు. ఏప్రిల్ 16న నగర కౌన్సిల్ యూనియన్‌ను ఒప్పుకుంది. కింగ్ మెంఫిస్‌లో ఎందుకు చనిపోయాడో మా పాఠ్యపుస్తకాల్లో ఉండదు. మహానుభావుడు శాంతి కోసం ప్రాణాలిచ్చాడని ఉంటుంది. చెత్త ఎత్తేవాళ్ల సమ్మెకు వచ్చి చనిపోయాడని నేనే క్లాసులో చెప్పుకుంటున్నాను.

ఆ ఫోటో తీసినాయన ఎర్నెస్ట్ విథర్స్. ఆ ఊరివాడే, నల్లజాతివాడే. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో కెమెరా పని నేర్చుకుని, కొన్నాళ్లు పోలీసు ఉద్యోగం చేసి, అది పోయాక బీల్ వీధిలో స్టూడియో పెట్టుకున్నాడు. పెళ్లిళ్లు, చావులు, బేస్‌బాల్ ఆటగాళ్లు, పాటగాళ్లు, అన్నీ తీసేవాడు. మా స్టూడియో కుర్రాడి లాంటివాడే అనుకోండి. తేడా ఏమిటంటే 1955లో ఆయన మిసిసిపీలో ఒక కోర్టుకు పోయాడు.

ఎమ్మెట్ టిల్ కేసు అది. పద్నాలుగేళ్ల పిల్లవాడు, చికాగో నుంచి చుట్టాలింటికి వచ్చాడు. తెల్లావిడతో పెంకిగా మాట్లాడాడని ఇంట్లోంచి ఎత్తుకుపోయి చంపి, పత్తి మిల్లు ఫ్యాను మెడకు ముళ్లతీగతో కట్టి నదిలో వేశారు. పెట్టె తెరవకుండా పూడ్చెయ్యమన్నారు. తల్లి మామీ టిల్ ఒప్పుకోలేదు. చికాగోలో పెట్టె తెరిచిపెట్టింది. నా బిడ్డను ఏం చేశారో లోకం చూడాలంది. వేలూ పదివేలూ వచ్చి చూశారు. డేవిడ్ జాక్సన్ తీసిన ఆ ముఖాన్ని జెట్ అనే నల్లవాళ్ల పత్రిక అచ్చేసింది. తెల్లవాళ్ల పెద్ద పేపర్లు వెయ్యలేదు. కోర్టులో పిల్లవాడి తాత వరస మోజ్ రైట్, పాలుకు సేద్యం చేసుకునే ముసలాయన, లేచి నిలబడి హంతకుల వైపు వేలు చూపించాడు. మిసిసిపీలో ఒక నల్లవాడు తెల్లవాడికి వేలు చూపించటమంటే ప్రాణం మీద ఆశ వదులుకోవటమే. విచారణ జరిగేటప్పుడు ఫోటోలు తీయకూడదని జడ్జీ ఆజ్ఞ. విథర్స్ తీశాడు. కేసు ఫోటోలతో ఒక చిన్న పుస్తకం వేసి డాలరుకు ఒకటి అమ్మాడు. అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ గంట పైన ఏడు నిమిషాల్లో నిర్దోషులని తేల్చేసింది. నాలుగు నెలలు తిరక్కుండా ఆ ఇద్దరూ డబ్బులు తీసుకుని, మేమే చంపామని ఒక పత్రికకు చెప్పుకున్నారు.

ఇది చదివి చుండూరు గుర్తురాని దళితుడు ఆంధ్రలో ఉంటాడా? 1991 ఆగస్టు 6. నాకు మూడేళ్లు. మావాళ్లు ఎనిమిది మందిని చంపారు. కొందరిని గోతాల్లో కట్టి కాలవలో వేశారు. శవాలను ఎక్కడో దూరంగా పూడ్చకుండా ఊరి నడిమధ్య పూడ్చారు మావాళ్లు. రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. మామీ టిల్ పెట్టె మూత తెరిచినట్టే వీళ్లు ఊరి మూత తెరిచారని నాకనిపిస్తుంది. కేసు విచారణకు అక్కడే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. మిసిసిపీలో 67 నిమిషాలు, మా దగ్గర దాదాపు ఇరవై మూడేళ్లు. మేం నయమా, వాళ్లు నయమా?

విథర్స్ దగ్గరకు వస్తాను. ఆయన 2007లో చనిపోయాడు. 2010లో మెంఫిస్ పేపరు ఒకటి బయటపెట్టింది, ఆయన ఎఫ్.బి.ఐ.కి ఇన్‌ఫార్మర్ అని. ఉద్యమ సమావేశాల్లో ఎవరెవరు కూచున్నారు, ఎవరు ఎవరితో తిరుగుతున్నారు, అన్నీ చెప్పేవాడట, ఫోటోలు ఇచ్చేవాడట. అందరికీ నమ్మకస్తుడు గనక ఏ గదిలోకైనా పోయేవాడు. ఇది తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఎనిమిది మంది పిల్లల తండ్రి, డబ్బు అవసరమేమో అంటారు కొందరు. అందరికీ తెలిసిన సంగతులే చెప్పాడు, హాని చెయ్యలేదంటారు ఇంకొందరు. నేను క్షమించలేను, అట్లాగని ఆ బొమ్మను గోడ మీంచి పీకెయ్యనూ లేను. ఆ వరసలో నిలబడ్డవాళ్లు ఎవరికీ అమ్ముడుపోలేదు గదా. బొమ్మ తీసినవాడిది ఎంత, నిలబడినవాళ్లది ఎంత?

మా ఇంట్లోనే ఈ లెక్క ఒకసారి జరిగింది. 2015 జూలైలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మున్సిపల్ కార్మికులు సమ్మె చేశారు. మా అమ్మ అప్పటికి కాంట్రాక్టు కింద రోడ్లు ఊడుస్తుంది. నాకు ఉద్యోగమొచ్చి రెండేళ్లు. "అమ్మా, పోతే పో గానీ ముందు వరసలో నిలబడొద్దు" అని చెప్పాను. ఆవిడ మంచికోసమే చెప్పానని అప్పుడు అనుకున్నాను. మా స్టాఫ్ రూములో పేపరు వస్తుంది, అది కదా నా భయం. మర్నాడు జిల్లా పేజీలో అమ్మ ముందు వరసలోనే ఉంది. చేతిలో అట్ట. మేమూ మనుషులమే అని రాసుంది. అమ్మకు చదవటం రాదు, ఎవరినో అడిగి తెలుసుకునే పట్టుకుందట.

సమ్మె అయిపోయాక పనిలోకి పోతే మేస్త్రీ ఆ పేపరే చేత్తో పట్టుకున్నాడు. ఫోటోలో ఉన్నవాళ్ల ముఖాల మీద పెన్నుతో గుండ్రాలు చుట్టి ఉన్నాయి. "ఇది నువ్వు కాదు గదమ్మా" అన్నాడట. ఆయన మావాడే, తప్పించటానికే అట్లా అడిగాడు. కాదంటే మస్టర్లో పేరు ఉంటుంది. మా అమ్మ, "నేనే. సరిగ్గా చూడు" అంది. మూడు నెలలు పని లేకుండా ఇంట్లో కూచుంది. పేపరువాడు మంచికోసం తీసిన ఫోటోను ఆఫీసువాళ్లు హాజరు పట్టీ చేసుకున్నారు. మెంఫిస్‌లోనైనా మా ఊళ్లోనైనా ఫోటోకు రెండు కాళ్లు, ఒకటి ఇటు నడుస్తుంది, ఒకటి అటు నడుస్తుంది. కానీ నేను ఏడో తరగతిలో చెప్పిన మాటా, మా అమ్మ చెప్పిన మాటా పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటే నాకు తల ఎత్తబుద్ధి కాదు.

మెంఫిస్ బొమ్మ అమ్మకు చూపించాను ఒకసారి. కళ్లజోడు పెట్టుకుని అందర్నీ చూసి, "ఆడోళ్లెవరూ లేరేందిరా? ఆ ఊరు ఊడ్చేదెవరు?" అంది. నిజమే. అక్కడ ఆ పనిలో మగవాళ్లే. మ్యాన్ అంటే మగవాడని కూడా అర్థం గదా, వాళ్లకు అది కూడా చెప్పుకోవాల్సి వచ్చింది. మన మనిషి అన్న మాటలో ఆడామగా ఇద్దరూ పడతారు. అమ్మ చేతిలోని అట్టకు ఆ సౌకర్యం ఉంది.

మనవాళ్లు కెమెరా పట్టుకున్నాక ఏమైందో కూడా చెప్పాలి. బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల కాలనీలో తెలుగు మాట్లాడే పాకీపని కుటుంబంలో పుట్టాడు. 1993లో పాకీదొడ్లను నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ తర్వాత మా దగ్గర అవి లేవు అని అధికారులు కాగితాలు రాస్తూ పోయారు. విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ వాళ్లు కెమెరాలు పట్టుకుని తిరిగారు. దొడ్డి ఫోటో, ఎత్తుతున్న మనిషి ఫోటో, ఊరు, వివరం. 2003లో సుప్రీంకోర్టుకు పోయారు. లేవని ప్రభుత్వాలు ప్రమాణపత్రాలు ఇస్తుంటే, ఉన్నాయని వీళ్లు ఫోటోలు పెట్టారు. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగు గుంటల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని. 2023 అక్టోబరులో అదే కోర్టు దాన్ని 30 లక్షలు చేసింది. 500 డాలర్ల లెక్క గుర్తుందా? అది ఇచ్చేస్తే సరిపోయిందన్నారు. ఇక్కడ ఆ మాత్రం కూడా ఫోటో చూపిస్తే గానీ కదల్లేదు.

బొంబాయి కార్పొరేషన్ సఫాయి కార్మికులను సుధారక్ ఓల్వే ఏళ్ల తరబడి తీశాడు. ఆయనా దళితుడే. తమిళనాడులో పళనికుమార్, చేపలమ్మే తల్లి కొడుకు, మ్యాన్‌హోళ్లలో చనిపోయిన వాళ్ల కుటుంబాలను తీశాడు. వాళ్ల బొమ్మల్లో మురుగు ఉంటుంది, కానీ ముందు మన కంటికి ఆనేది మనిషి. 2000లో మా నాయనను తీసినాయన చెడ్డవాడని నేననను. ఆయన కాలవను తీశాడు, నాయన అందులో ఉన్నాడు, అంతే.

మెంఫిస్‌లో ఆ చర్చి పక్కన 2018లో ఒక చోటు కట్టారు. సమ్మె చేసిన 1,300 మంది పేర్లు రాతి మీద చెక్కారు. చర్చి మాత్రం 2025 ఏప్రిల్‌లో మంటల్లో కాలిపోయింది. పేర్లు ఉన్నాయి. యాభై ఏళ్లు ఆ బొమ్మ కింద విథర్స్ పేరొక్కటే ఉండేది, వరసలో ఉన్నవాళ్లది ఎవరికీ పట్టలేదు.

పోయినేడాది పదో తరగతికి ఉద్యమాల పాఠం చెబుతూ మెంఫిస్ బొమ్మతో పాటు ఆ పేపరు ముక్కనూ తీసుకెళ్లాను. ప్లాస్టిక్ కవరులో పెట్టాను చిరక్కుండా. పిల్లలు బెంచీ బెంచీ తిప్పుకున్నారు. అది అట్లా తిరుగుతుంటే నాకు అరచేతుల్లో చెమట పట్టింది. ఎవరు సార్ ఈయన అనడిగారు. "మా నాయన" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మూడో బెంచీలో కూచునే పిల్ల లేచింది. వాళ్లమ్మ కూడా మున్సిపాలిటీలోనే ఊడుస్తుందని నాకు తెలుసు, క్లాసులో ఎవరికీ తెలీదు. "ఫోటో తీసినాయన పేరు మూలన వేశారు గదా సార్, మీ నాయన పేరు ఎందుకెయ్యలేదు?" అంది.

ఎందుకెయ్యలేదో చెప్పటానికి నా దగ్గర నలభై అయిదు నిమిషాల పాఠం ఉంది. చెప్పలేకపోయాను. పేరు మాత్రం చెప్పాను. ఆ పిల్ల ఇంటిపేరుతో సహా మళ్లీ అడిగి, నోటుబుక్కులో రాసుకుంది.